పత్తి అర్రలో చెవి పరీక్ష

నేను డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివాను. నాలో ఎలక్ట్రానిక్స్ ఎంత చేరిందన్నది వేరే విషయం. చదువయ్యాక హుజూర్‌నగర్‌లో మా బాపు కళ్ళముందు ఖాళీగా తిరగడం ఆయన ఆరోగ్యానికీ నా ఆరోగ్యానికీ మంచిది కాదని తేలడంతో, పల్లెల్లో పిల్లల చెవులు పరీక్షించే ఒక సేవాసంస్థలో చేరాను. బండి నడపగలవా, పిల్లలు ఏడిస్తే విసుక్కుంటావా అని అడిగారు. నడపగలను, విసుక్కోను అన్నాను. మొదటిది నిజం.

మా సరంజామా చూస్తే ఎవరికీ గౌరవం కలిగేది కాదు. ఒక ఫోను, మందపాటి హెడ్‌ఫోన్లు, ఒక ప్లాస్టిక్ గిన్నె, గుప్పెడు చింతగింజలు. హెడ్‌ఫోన్లు పిల్లల తలకు పెట్టి నేను ఫోను మీద నొక్కితే సన్నగా 'కీ' మని మోగుతుంది. వినబడగానే పిల్ల ఒక చింతగింజ తీసి గిన్నెలో వెయ్యాలి. చప్పుడు తగ్గించుకుంటూ పోవాలి. గింజలు ఎక్కడ ఆగిపోతే అక్కడికి ఆ చెవి ఆగిందని అర్థం. ఫలితం అప్పటికప్పుడు హైదరాబాదులో ఉన్న మా మేడం ముందుకు పోతుంది. ఆమె చెవుల నిపుణురాలు. అవసరమైన పిల్లలను పాలమూరు దవాఖానకు పిలిపించి, పెద్ద పరీక్ష చేయించి, చెవి మిషన్లు ఇప్పించడం ఆమె పని. అంతకు ముందు ఈ మొదటి పరీక్షకే హైదరాబాదు దాకా పోవాల్సి వచ్చేది. కూలి వదులుకుని, రెండు బస్సులు మారి, అక్కడ ఎవరిని అడగాలో తెలియక తిరిగి వచ్చేదానికన్నా, పిల్ల మొండిది అనుకోవడం సులువు. చాలా ఇళ్ళలో అదే అనుకునేవారు.

ఆ యాప్‌లో ఒక మూల చిన్న దీపం ఉండేది. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే పచ్చగా వెలుగుతుంది. చప్పుడుంటే ఎర్రగా అవుతుంది, పరీక్ష ముందుకు సాగదు. ఆ దీపం పెట్టినవాడు మన ఊళ్ళలో ఒక పూట కూడా గడిపినట్టు లేడు.

నేను చెప్పబోయే ఊరు కోస్గి నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. కొత్త జిల్లాలు వచ్చాక దాని జిల్లా మారింది గాని, మీది ఏ జిల్లా అంటే అక్కడివాళ్ళు ఇప్పటికీ పాలమూరనే అంటారు. మేము పోయింది పత్తి ఏరుడు ముగుస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం. బడికి సెలవు గనుక బడిలోనే కూర్చున్నాం. నాకు తోడు ఆ ఊరి ఆశా కార్యకర్త, అందరూ ఆశక్క అంటారు. పిల్లలను ఇళ్ళ నుంచి పట్టుకొచ్చే బాధ్యత ఆమెది. ఆమె గొంతు నుంచి తప్పించుకున్న పిల్లవాడు ఆ ఊళ్ళో లేడు.

చివరగా ఒక ఆరేళ్ళ పాప వచ్చింది. గొర్లు కాచే ఇంటి పిల్ల. నూనె పెట్టి బిగించిన రెండు జడలు, చూపు తిప్పని పెద్ద కళ్ళు. వెంట తల్లి వచ్చింది. తల్లి వెంట, ఎవరూ పిలవకుండా, నాయనమ్మ వచ్చింది.

“ఎందుకు సారూ గీ లొల్లి?” గడప దాటకముందే మొదలుపెట్టింది నాయనమ్మ. “దీని చెవులు మంచిగనే ఉన్నయి. నేను పిలిస్తె ఊరి కొసకున్నా ఉరుక్కుంట వస్తది. మాట్లాడుతలేదంటవా, దీని నాయిన గూడ ఐదేండ్లకు గాని నోరు తెరువలే. తెరిచి ఏం జేసిండు? గొర్లను తిట్టుడు నేర్చిండు.”

తల్లి మెల్లగా చెప్పింది. “మూడు నాలుగు మాటలే వస్తయి సారు. అమ్మ, అవ్వ, బువ్వ… గంతే. బడిల మొండిదంటున్నరు. ఎనుక కూసోబెడుతున్నరు. నాకైతె ఇనపడ్తలేదనే అనిపిస్తాంది. ఎల్లుండి జీవాలను తోలుకొని కిష్ణ దిక్కు పోతాన్నం. మల్ల వానలు పడ్డంకనే వచ్చుడు. గందుకే ఇయ్యాల తెలుసుకోవాలె.”

జీవాలంటే గొర్లూ మేకలూ. ఆ దిక్కు చేలల్లో మేత అయిపోగానే మందలన్నీ కృష్ణ పక్కకు, వరి కోసిన పొలాలకు దిగుతాయి. ఇంటిల్లిపాదీ వెంట పోతారు.

పాపను నా ఎదురుగా కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. ఎలా ఆడాలో చేతులతో చూపించాను. ఇట్టే పట్టేసింది. నేను నొక్కడం, ఆమె గింజ వేయడం. చప్పుడు తగ్గించాను, గింజ పడింది. ఇంకా తగ్గించాను, పడింది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా నాకే వినబడని చోట కూడా పడింది. ఊరంతా పొలాల్లో ఉంది, దీపం పచ్చగా వెలుగుతోంది. రెండు చెవులూ అద్భుతం అని యాప్ తేల్చింది. ఫలితం మేడంకు వెళ్ళిపోయింది.

“నేను జెప్పలే?” అంది నాయనమ్మ. ఆ మాట బడి గోడలకు తగిలి మళ్ళీ ఒకసారి వినిపించింది.

తల్లి లేవలేదు. కాసేపు చూసి, “సారు, ఏమనుకోకుండ్రి. అది మీ మొకం జూసి గింజ ఏస్తాంది,” అంది.

“నా మొకంలో ఏముందమ్మా?”

ఆశక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అవును సార్. మీరు నొక్కినప్పుడల్ల కనుబొమ్మలు నెత్తికెక్కుతున్నయి. నేను పొద్దటి సంది చూస్తున్న.”

“మరి చెప్పొద్దా అక్కా?”

“మీ తీరే గంత అనుకున్న సార్.”

కాలేజీ హాస్టల్లో పేకాటకు నన్ను అంత ఆప్యాయంగా ఎందుకు పిలిచేవాళ్ళో ఆ నిమిషంలో అర్థమైంది. సరిగా వినబడని పిల్ల లోకాన్నంతా ఎదుటివాళ్ళ ముఖాల్లోనే చదువుకుంటుంది. నా ముఖం ఆమెకు ఒకటో తరగతి వాచకం. పొద్దున పరీక్షించిన మిగతా పిల్లలంతా కిటికీలోంచి బయటికి చూస్తూ గింజలు వేశారు గనుక బతికిపోయాను.

హైదరాబాదుకు ఫోను చేశాను. మేడం అంతా విని, నా కనుబొమ్మల గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆమె మర్యాద అలాంటిది. “పాస్ అని వచ్చేసింది కదా. దాన్ని మార్చాలంటే ఇంకొక మంచి రీడింగ్ కావాలి, పచ్చ దీపం మీద. వస్తే గురువారం పాలమూరు క్యాంపులో చూస్తాను. మళ్ళీ క్యాంపు ఎప్పుడో నాకే తెలియదు. చేయగలరా?” అంది.

“చేస్తాను మేడం,” అన్నాను.

పాపను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాను. ఈలోగా కరెంటు వచ్చింది. బడి పక్కనే పిండి గిర్ని ఉందని అప్పుడు తెలిసింది. దీపం ఎర్రగా మారింది. గిర్ని ఆపించడానికి ఆశక్క పోయింది. అది ఆగేసరికి ఉల్లిగడ్డల ఆటో మైకుతో వచ్చింది. ఆటోను పంపించేసరికి, చెవుల సారు ఒక్క పిల్లకే రెండుసార్లు పరీక్ష చేస్తున్నాడన్న వార్త తెలిసి ఊళ్ళోని పిల్లలంతా కిటికీలకు వేలాడారు.

“సప్పుడు జేయకుండ్రి!” అని అరిచింది ఆశక్క. ఆ రోజంతటిలో దీపం అంత ఎర్రగా వెలిగింది ఆ అరుపుకే.

బడి వదిలేసి గుడిలోకి పోయాం. లోపల పావురాలు. మా బండిలో కూర్చుని అద్దాలన్నీ ఎక్కించాం. పిల్లలు అద్దాల మీద దరువు వేశారు. ఊరవతలకి పోదామంటే రెండు దిక్కులా ట్రాక్టర్లు, మూడో దిక్కున పాప వాళ్ళ గొర్లే. పొద్దు వాలుతోంది. ఎక్కడికి పోయినా తల్లి పాప చెయ్యి పట్టుకుని మా వెనకే నడుస్తోంది, ఒక్క మాట కూడా అడగకుండా. అడిగితే నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ని.

నోరు ఎండిపోయి ఒక రైతు ఇంట్లో నీళ్ళు అడిగాను. ఆ ఇల్లాలు చెంబుతో నీళ్ళిచ్చి, కనబడని మొగుడి మీద కేకలు వేయడం మొదలుపెట్టింది. “ఓ మనిషీ! ఏడికి పోయినవ్? బర్రె తాడు తెంపుకున్నది! చూడు సారూ, పగటి బువ్వ తిన్నడు, మాయమైండు. రోజు గిదే కత. ఫోన్ జేస్తే ఎత్తడు.”

ఆ ఏడు పత్తికి రేటు లేదు. రేటు వచ్చేదాకా అమ్మబోమని అందరూ పట్టుపట్టి ఇళ్ళల్లోనే నింపుకున్నారు. ఏ ఇంట్లో చూసినా మనుషులు వాకిట్లో, పత్తి అర్రలో, అంటే లోపలి గదిలో. ఆ ఇంటి అర్ర తలుపు కూడా ఓరగా ఉంది. సందులోంచి రెండు పాదాలు కనిపించాయి. నేను దగ్గరికి పోయేసరికి లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి నా చొక్కా పట్టుకుని లోనికి లాగి, తలుపు మూసింది.

“సప్పుడు జేయకు సారూ,” అన్నాడు ఇంటి పెద్దాయన గొణుగుతూ. “మా ఆమె తిరుగుతాంది.”

దూలాల దాకా తెల్లటి పత్తి. తలుపు దగ్గర మాత్రం ఒక మనిషి ఒరిగేంత గుంట, ఆయన నడుము ఆకారంలో. వాసన కొంచెం ఎండ, కొంచెం మట్టి. నేను అక్కడ నిలబడి, ఏదో తగ్గిందేమిటా అని ఆలోచించాను. బయట ఆమె ఇంకా అరుస్తూనే ఉండాలి. అరుపు లేదు. గిర్ని లేదు. ట్రాక్టరు లేదు. జేబులోంచి ఫోను తీసి చూశాను. దీపం పొద్దుటి కన్నా పచ్చగా ఉంది.

“కాకా,” అన్నాను, “గీ అర్ర జర ఇస్తవా? ఒక పిల్లకు చెవి పరీక్ష చేయాలె.”

ఆయన లేచి కూర్చున్నాడు. “పత్తిల మనుషులా? కాళ్ళ మట్టి అంటితె కొనే సేటు ఒప్పుకుంటడా?”

“కాళ్ళు కడుక్కుంటం.”

“తలలకు నూనె ఉంటది.”

“రుమాలు కట్టుకుంటం.”

ఆయన కాసేపు ఇబ్బంది పడి, అసలు సంగతి చెప్పాడు. “చూడు సారూ, నీకు పుణ్యముంటది. పెండ్లయిన కాడి నుంచి పగటీలి ఒక కునుకు తీస్తనంటే మా ఆమె తియ్యనియ్యదు. గీ యేడు దేవుడు రేటు పడగొట్టి గీ జాగా ఇచ్చిండు. గిది ఊరందరికి తెలిస్తె నేనేడ పండాలె?”

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. నా ముఖం ఎలాంటిదో అప్పటికి ఆయనకు తెలియదు. నేను బయటికి అడుగు పెట్టగానే ఇల్లాలు నా ముఖం చూసింది, తలుపు చూసింది, ఒక్క తోపు తోసింది.

“ఓహో! ఈడనా దుకాణం?”

“గది గాదే, పత్తిని ఎలుకలు…”

పిల్ల చెవి పరీక్షకు అర్ర అడుగుతున్నానని నేను మధ్యలోనే చెప్పేశాను.

“నువ్వే పెద్ద ఎలుకవు. లే! సారు ఏమో అడుగుతుండు, ఇనపడ్తలేదా? ఆడపిల్ల చెవి కంటె నీ కునుకు ఎక్కువైందా? లేవయ్యా!”

ఆయన లేచాడు. వాకిట్లోకి వచ్చి బర్రె తాడు చేత్తో పట్టుకుని, రాజ్యం పోయినవాడిలా నిలబడ్డాడు.

ఆ తర్వాత పనంతా ఆ ఇల్లాలే చేయించింది. అందరి కాళ్ళ మీద నీళ్ళు పోసింది. చెప్పులు గడప బయట. కిరసనాయిలు బుడ్డి, బీడీ, అగ్గిపెట్టె ఏవీ లోపలికి రాకూడదు. పాప జడలకు పాత ధోవతి ముక్క చుట్టింది. తల్లి చేతులకు నిండా గాజులున్నాయి, కదిలితే గలగల. తియ్యమని ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే, ఆమే వాటిని మోచేతి దాకా ఎక్కించి, కొంగు చుట్టి ముడి వేసుకుంది. ప్లాస్టిక్ గిన్నె బదులు ఒక గుడ్డ సంచి ఇచ్చారు, గింజ పడినా చప్పుడు కాకుండా.

“సారు,” అంది తల్లి నావైపు తిరిగి, “మీరు గూడ.”

“నేనేం చేయాలమ్మా?”

“మొకానికి తువ్వాల గట్టుకోండ్రి.”

ఆశక్క తువ్వాల కట్టింది, ఊపిరాడేంత సందు ఉంచి. ఫోను మాత్రం కనబడేలా కింద కొంచెం వదిలింది. డిగ్రీ పట్టా పుచ్చుకున్న రోజున నేను ఇలాంటి దృశ్యాన్ని ఊహించలేదు.

నాయనమ్మ కూడా లోపలికి వస్తానంది. “నేను ఒక్క మాట గూడ మాట్లాడ” అని అరిచింది. ఆ అరుపు విని ఆశక్క ఆమెను తలుపు బయటే కూర్చోబెట్టి తాను కాపలా ఉంది.

లోపల ముగ్గురమే. పాప పత్తి వైపు తిరిగి కూర్చుంది. ఆమె పక్కన తల్లి, వెనక నేను. దీపం పచ్చగా ఉంది. మొదట గట్టి చప్పుడు నొక్కాను. చింతగింజ సంచిలో పడింది. ఇంకోసారి. పడింది. కొంచెం తగ్గించాను. పాప గింజ పట్టుకునే ఉంది, వెయ్యలేదు. మళ్ళీ నొక్కాను. కదల్లేదు. ఏం జరుగుతుందో చూద్దామన్నట్టు మెడ తిప్పి నా ముఖం కోసం వెతికింది. అక్కడ తువ్వాల ఉంది. ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, పకపకా నవ్వింది. ఆ నవ్వుకు దీపం ఎర్రబడి మళ్ళీ పచ్చగా అయ్యేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టాం.

రెండు చెవులూ అయ్యాయి. గట్టి చప్పుళ్ళు వినబడుతున్నాయి. మామూలు మాట్లాడేంత చప్పుడు దగ్గర గింజలు ఆగిపోయాయి. నేను తువ్వాల విప్పేసరికి తల్లి నన్ను కాదు, సంచిని చూస్తోంది. అడుగున కొన్నే గింజలు. పాప గుప్పిట్లో ఇంకా చాలా ఉన్నాయి.

మేడం వీడియోలోకి వచ్చింది. వెనకంతా తెల్లగా ఉండటం చూసి, “ఏ ఆస్పత్రిలో ఉన్నారు మీరు?” అని అడిగింది. చెప్పాను. నమ్మలేదు. కెమెరా తిప్పి చూపించాను.

“రెండు చెవులకూ వినికిడి బాగానే తగ్గిందమ్మా,” అంది తల్లితో. “కానీ మిషన్లు పెడితే పనిచేసే రకంలాగే ఉంది. పెద్ద పరీక్ష చేసి చూస్తాను. గురువారం తీసుకురండి.”

“మాట వస్తదా మేడం?”

“వస్తుంది. రేపే రాదు. మిషన్ పెట్టాక మీరు రోజూ దానితో మాట్లాడాలి. ఎలాగో నేను ఫోన్లో నేర్పిస్తాను.”

తల్లి నవ్వింది. కూతురి చెవులు సరిగా లేవని తేలినందుకు ఒక తల్లి నవ్వడం విడ్డూరమే. కానీ ఇన్నాళ్ళూ ఆ పిల్ల మొండిది కాదని నమ్మిన మనిషి ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే.

బయటికి వచ్చి చెబితే నాయనమ్మ ఒప్పుకోలేదు. “మరి నేను పిలిస్తె ఎట్ల పలుకుతది?”

“అవ్వా, నువ్వు పిలిస్తె పక్కూరోళ్ళు గూడ పలుకుతరు,” అంది ఆశక్క.

“నేను మెల్లగనే మాట్లాడుత!”

చూరు మీది పిచ్చుకలు లేచిపోయాయి. నాయనమ్మ మా అందరి ముఖాలూ చూసి, “ఏదీ, నాకు గూడ పెట్టు. నీ మిషన్ సంగతి తెలుస్తది,” అంది.

అది పిల్లల యాప్. పద్దెనిమిది దాటిన వయసు వేయనివ్వదు. పద్దెనిమిదే వేశాను. ఆమె అభ్యంతరం చెప్పలేదు. ఫలితం ఎవరికీ పంపనని చెప్పి, మళ్ళీ కాళ్ళు కడిగించి, పత్తి అర్రలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. ఆమె గింజ చేత పట్టుకుని, పెళ్ళిలో అక్షింతలు వేయడానికి కూర్చున్న ముత్తైదువలా హుందాగా ఎదురుచూసింది. నేను నొక్కుతూ పోయాను. గట్టివి అయ్యాయి, ఇంకా గట్టివి అయ్యాయి. సగం దాటాక ఆమె నావైపు తిరిగి, “ఎంతసేపు సారూ? ఇంక మొదలువెట్టవా?” అంది.

తల్లి కొంగు విప్పుకుంటూ ఆగిపోయింది. నాయనమ్మకు సంగతి మెల్లగా అర్థమైంది. హెడ్‌ఫోన్లు తీసి ఒడిలో పెట్టుకుని, వాటిని నిమురుతూ కూర్చుంది. ఇంట్లో అందరూ నోట్లోనే గొణుగుతున్నారని ఆమె కొన్నేళ్ళుగా తగవు పడుతోందట. పిల్ల ఆమె ఒక్కతెకే పలికేది, ఆమె ఒక్కతే దానికి వినబడేంత గట్టిగా పిలిచేది గనుక.

కాసేపటికి కోడలి వైపు చూసింది. “గురువారం అంటిరి గద. జీవాలు గప్పటిదాకా ఆగుతయా? ఈడ మేతేది?”

“ఆగయి అత్తా.”

“నువ్వు బిడ్డను వట్టుకొని పాలమూరు పో. మిషన్ గిట్ల పెట్టించి, ఎన్ని దినాలైతే గన్ని దినాలుండి రా. మందతోని నేను పోత. వంట నాకు రాదా?”

“నీ మోకాళ్ళు నొస్తయి గదత్తా, గంత దూరం…”

“మోకాళ్ళతోని వండుతరానే?”

సాయంత్రం మందతో వచ్చిన కొడుక్కి ఈ ఏర్పాటు చెప్పారు. భార్య రాదు, తల్లి వస్తుంది, వానలదాకా ఆమె గొంతు వెంట ఉంటుంది. ఆయన గొంగడి భుజం మార్చుకుని, బిడ్డ చెవులను అటూ ఇటూ చేత్తో తడిమి, “మంచిది,” అన్నాడు. తర్వాత గొర్ల వైపు చూశాడు, వాటికి ఎలా చెప్పాలా అన్నట్టు.

అర్రలోంచి పెద్దాయన గొంతు వినిపించింది. పత్తిలో పడిన చింతగింజలు ఏరుకుంటున్నాడు. “ఇంకోటి దొరికింది!” అని ఒక్కొక్కదానికీ ప్రకటిస్తున్నాడు. భార్య తలుపు బార్లా తెరిచి పెట్టింది.

ఆ తర్వాత పాలమూరులో జరిగింది వీడియోల్లో చూపించేలా జరగలేదు. అలాంటి వీడియోల్లో మిషన్ పెట్టగానే పిల్ల నవ్వుతుంది, తల్లి ఏడుస్తుంది, వెనక సంగీతం వస్తుంది. ఇక్కడ పెద్ద పరీక్ష అయ్యింది, చెవి అచ్చు తీశారు, కొన్నాళ్ళు ఆగారు, మిషన్లు వచ్చాయి. పెట్టగానే పైన ఫ్యాను చప్పుడు విని పాప భయపడి ఏడ్చింది. రెండూ పీకి తల్లి ఒడిలో పడేసింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పీకింది. ఆ ఊళ్ళో ఆమెను మొండిది అన్నవాళ్ళు పూర్తిగా తప్పేమీ కాదని ఆ రోజు నాకనిపించింది.

కానీ తల్లి అంతకన్నా మొండిది. పూటకు కాసేపు, తర్వాత ఇంకాసేపు పెట్టించింది. వారానికోసారి మేడం వీడియోలో పాఠం చెప్పేది. నీళ్ళు చూపించి నీళ్ళు అనాలి, చెంబు మోగించి ఎక్కడ మోగిందో అడగాలి. తల్లీకూతుళ్ళు మందను చేరుకున్నాక పాఠాలు పొలంగట్టు మీదికి మారాయి. సిగ్నలు దొరికే చోటు వెతికి, ఫోను కర్రకు కట్టి కూర్చునేవాళ్ళు. మధ్యలో గొర్రె అడ్డం వస్తే మేడం ఆగేది. కొన్నాళ్ళకు, “ఆ నల్లమచ్చది ఇవాళ రాలేదా?” అని అడిగే దశకు చేరిందని తల్లి నాకు చెప్పింది.

ఎండాకాలం నేను సెలవు మీద ఇంటికి పోయాను. మిషన్ సెల్లులు అయిపోతున్నాయి, ఎక్కడ దొరుకుతాయి అని తల్లి ఫోను చేసింది. ఎక్కడున్నారమ్మా అంటే, మా హుజూర్‌నగర్‌కు పది నిమిషాల దూరంలో ఒక ఊరి పేరు చెప్పింది. సెల్లులు కొనుక్కుని బండి మీద బయల్దేరాను. ఆ మంద మా వైపు వస్తుందని తెలుసు గాని, మా బాపుకు తెలిసిన రైతు పొలంలోనే ఎరువు కోసం రాత్రిళ్ళు మంద పెట్టిస్తున్నారని తెలియదు.

నన్ను ముందుగా చూసింది నాయనమ్మ. పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. చెయ్యెత్తి ఏదో అంది. నాకు వినబడలేదు. దగ్గరికి పోయాను. మళ్ళీ అంది. ఈసారీ వినబడలేదు.

“ఏందవ్వా?”

“మెల్లగ మాట్లాడుతున్న సారూ,” అంది మామూలు గొంతుతో. వెంటనే ఉలిక్కిపడి మనవరాలి వైపు చూసింది. “నేను జర గట్టిగ మాట్లాడితె చాలు, రెండు చెవులు మూసుకొని ‘అవ్వా, మెల్లగ’ అంటది. దానికి మొదలు వచ్చిన మాటలల్ల గదొకటి. మెల్లగ మాట్లాడితే నాకే ఇనపడదు. నేనేమన్ననో నేనే దాన్ని అడుగుతున్న.”

పాప తండ్రి పక్కన నిలబడి ఉంది. జడల మధ్య నల్లదారంతో మిషన్లు కట్టారు, పడిపోకుండా. నన్ను గుర్తుపట్టి కనుబొమ్మలు రెండూ పైకి ఎగరేసింది. తండ్రి పెద్దగా నవ్వాడు. తల్లి వారించబోయి తానూ నవ్వింది. నేను సెల్లుల పొట్లం ఇచ్చాను. టీ పెట్టారు.

పొద్దు దిగుతోంది. మేతకు పోయిన గొర్లు తిరిగి వచ్చాయి. పగలంతా గంప కింద, నీడన ఉంచిన చిన్న గొర్రెపిల్లలను ఆ వేళకు వదులుతారు. ఒక్కసారిగా పిల్లలన్నీ తల్లుల కోసం, తల్లులన్నీ పిల్లల కోసం అరుస్తాయి. కాసేపట్లో దేనిది దానికి దొరికిపోతుంది. దొరకని వాటిని మనుషులు చూసి జతచేయాలి. ఆ గోలలో నాకు పక్కనున్నవాళ్ళ మాట కూడా వినబడటం లేదు.

పాప మెడ ఒక పక్కకు వంచింది. తండ్రి మోకాలి మీద తట్టి, గట్టు అవతలికి వేలు చూపించింది.

“నాయినా, పిల్ల. అక్కడ.”

తండ్రి అటు చూశాడు. ఏమీ కనబడలేదు. “లేదు బిడ్డా, అన్ని వచ్చినయి,” అన్నాడు.

“ఉంది. ఏడుస్తాంది.”

ఆయన లేచేలోపే పాప గట్టు ఎక్కి దిగింది. కాసేపటికి చేతుల నిండా ఒక చిన్న గొర్రెపిల్లను ఎత్తుకుని, దాని కాళ్ళు తన మోకాళ్ళకు కొట్టుకుంటుంటే వచ్చింది. కాలువ తూములో ఇరుక్కున్నట్టుంది, పొట్టంతా బురద. ఎవరినీ అడగకుండా మందలోకి పోయి, దగ్గరున్న గొర్రె పొదుగు కింద దాన్ని రెండు చేతులా పట్టి నిలబెట్టింది. ఆ గొర్రె ఒక్క తన్ను తన్నింది.

“గది గాదే దాని తల్లి!” అని నాయనమ్మ అరిచింది, అసలు గొంతుతో.

పాప చెవులు మూసుకోలేదు. చేతులు ఖాళీ లేవు. పిల్లను మళ్ళీ ఎత్తుకుని, కదలకుండా నిలబడి విన్నది. తర్వాత రెండో గొర్రె దగ్గరికి నడిచింది.

“గది గూడ గాదు!”

పాప మూడోదాని దగ్గరికి పోయింది.